మాల తీసిన మర్నాడు కూడా: వ్యసనం నుంచి మనసు మళ్లించుకోవడం ఎలా?

విశాఖలో గాజువాక ఆటోనగర్‌లో పనిచేసే రోజుల్లో నేను మూడుసార్లు అయ్యప్ప మాల వేసుకున్నాను. సాయంత్రం ఆరు దాటాక క్వార్టర్ పడకుండా ఇంటికి వెళ్లని మనిషిని, మాల మెడలో పడిన రోజు నుంచి 41 రోజులు చుక్క ముట్టలేదు. జేబులో సిగరెట్ పెట్టె కూడా లేదు. మూడోసారి కొండకి వెళ్లొచ్చి, దువ్వాడ స్టేషన్‌లో దిగి, ఇంటికెళ్లి మా అమ్మ చేత మాల తీయించుకున్నాను. ఆ రాత్రే తాగాను. తెల్లారాక అమ్మ తిట్టలేదు. "నలభై ఒక్క రోజులు ఉండగలిగినోడివి, నలభై రెండో రోజు ఎందుకు ఉండలేకపోయావు నాయనా?" అని మాత్రం అడిగింది.

జవాబు నాకు అప్పుడు తెలీదు. తెలియడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. ఇప్పుడు తాగడం మాని తొమ్మిదేళ్లు దాటింది. ఈ లోపల నేను పడి లేచి నేర్చుకున్నదీ, డాక్టర్ల దగ్గర విన్నదీ, చదివి తెలుసుకున్నదీ వరసగా చెబుతాను. నా అనుభవం మద్యంతో కాబట్టి దాని గురించే ఎక్కువ ఉంటుంది. సిగరెట్, ఖైనీ, గంజాయి, ఆన్‌లైన్ రమ్మీ, ఏదైనా మనసు లాగే తీరు చాలావరకు ఒకటే. ఒంటి విషయంలో మాత్రం చాలా తేడా ఉంది. అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

మొదటి మెట్టు: మనసు కంటే ముందు ఒళ్లు

మా పీఠంలో ఇంకో స్వామి ఉండేవారు. పొద్దున్న లేవగానే తాగేవారు. తాగకపోతే టీ గ్లాసు పట్టుకోలేనంతగా చేతులు వణికేవి. మాల వేసుకుని ఒక్కసారిగా ఆపేశారు. మూడో రోజు రాత్రి గోడ మీద పాములు పాకుతున్నాయని కేకలు. పక్కనున్న మమ్మల్ని గుర్తుపట్టలేదు. స్వామి పూనాడనుకుని ఎవరో హారతి కూడా ఇచ్చారు. ఒక పెద్దాయన మాత్రం ఆ మాటలు పట్టించుకోకుండా ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లారు. అందుకే బతికారు.

అది పూనకం కాదు. ఏళ్ల తరబడి మద్యానికి అలవాటు పడిన మెదడు, అది ఒక్కసారిగా ఆగిపోతే అదుపు తప్పుతుంది. చివరిసారి తాగిన ఆరేడు గంటలకే వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య, మా స్వామికి వచ్చినట్టు, లేనివి కనిపించడం, ఎక్కడున్నారో తెలియకపోవడం రావచ్చు. దీనికి వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

కాబట్టి మీకు పొద్దున్నే తాగితే తప్ప వణుకు తగ్గకపోయినా, రోజూ ఎక్కువ మోతాదులో తాగుతున్నా, ఇదివరకు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చినా, దయచేసి ఇంట్లో కూర్చుని మీ అంతట మీరు ఆపకండి. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకో, కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆస్పత్రి)లో మానసిక వైద్య విభాగానికో వెళ్లండి. కొన్ని రోజులు మందులిచ్చి, బీ1 విటమిన్ ఇచ్చి, ప్రమాదం లేకుండా దాటిస్తారు. పరిస్థితి అప్పటికే చెయ్యి దాటితే 108కి ఫోన్ చేయండి. నిద్రమాత్రలకి అలవాటు పడిన వాళ్లకీ ఇదే మాట: ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. సిగరెట్, ఖైనీ, గంజాయి ఆపితే చిరాకు, నిద్ర లేకపోవడం ఉంటాయి గానీ ఈ రకం ప్రాణగండం సాధారణంగా ఉండదు. నికోటిన్ బాధ మొదటి మూడు రోజుల్లో ఎక్కువగా ఉండి తర్వాత తగ్గుతూ వస్తుంది.

"మెంటల్ హాస్పిటల్‌కి వెళ్తే నలుగురూ ఏమనుకుంటారు?" అని నేను రెండేళ్లు వాయిదా వేశాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం మీ హక్కు. అడుగు బయట పెట్టడానికి బెరుకుగా ఉంటే ముందు ఫోన్ చేయండి: వ్యసనాల కోసం 14446, మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416. రెండూ ఉచితమే. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడవచ్చు.

ప్రైవేటు డీ అడిక్షన్ సెంటర్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. నన్ను ఒకసారి మావాళ్లు అలాంటి చోట చేర్పించారు. నెల రోజులు గదిలో పెట్టి తాళం వేయడం తప్ప వాళ్లు చేసిందేమీ లేదు. బయటికి వచ్చిన రోజే తాగాను. చేర్చే ముందు ఆ కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్ట్ స్వయంగా వచ్చి చూస్తారా, ఇంట్లో వాళ్లని కలవనిస్తారా అని అడగండి. సరైన జవాబు రాకపోతే వెనక్కి వచ్చేయండి.

రెండో మెట్టు: మాల ఏం చేసిందో విప్పి చూడండి

మా అమ్మ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. దీక్షలో ఉన్నన్నాళ్లు నేను "మానేయడానికి ట్రై చేస్తున్నాను" అని ఎవరితోనూ అనలేదు. "మాలలో ఉన్నాను" అన్నాను. ఆ ఒక్క మాటతో సాయంత్రం ఆరింటి బేరం మాయమైపోయింది. మామూలు రోజుల్లో ఆ సమయానికి నాలో నేనే వాదించుకునేవాణ్ని: ఈ రోజు వద్దు, సరే సగం, సరే రేపటి నుంచి. ఆ వాదన మొదలైతే గెలిచేది ఎప్పుడూ సీసాయే. మాలలో వాదనే లేదు, ఎందుకంటే నిర్ణయం ఒక్కసారే జరిగిపోయింది.

ఇంకా చూడండి. నా పేరు మారింది. చిన్నపిల్లల నుంచి మేనేజర్ దాకా "స్వామీ" అని పిలిచారు. నాతో రోజూ కూర్చునేవాళ్లే నన్ను చూడగానే గ్లాసులు దాచారు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సాయంత్రం పీఠంలో పూజ, భజన, భిక్ష. తాగే సమయానికి సరిగ్గా వేరే పని, వేరే మనుషులు. రాత్రి నేల మీద చాప వేసుకోగానే నిద్ర. మనసు మారడమంటే లోపల మాత్రమే జరిగేది కాదని నాకు ఇక్కడే తెలిసింది. బయట పేరూ వేళా మనుషులూ దారీ మారినప్పుడు లోపలిది మారడం తేలికవుతుంది.

మరి ఎక్కడ తప్పాను? నాకు చివరి తేదీ ఉంది. 41 రోజులూ లోపల లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. నేను తాగని మనిషిని కాలేదు, సెలవులో ఉన్న తాగుబోతుని మాత్రమే. పైగా మాల తీయగానే పేరు పోయింది, పీఠం పోయింది, భజన పోయింది. సాయంత్రం ఆరు మాత్రం అలాగే వచ్చింది. వర్క్‌షాపు గేటు దగ్గర "ఏటి గురూ, మాల తీసేసావు కదా, రా మరి" అన్నారు. వెళ్లాను.

రంజాన్ నెలలో పగలంతా సిగరెట్ ముట్టని నా ముస్లిం స్నేహితుడికీ, ఈస్టర్ ముందు నలభై రోజులు మందు మానే మా వీధి అన్నయ్యకీ జరిగేది కూడా ఇదే. ఉండగలిగే శక్తి మీలో ఉందని దీక్ష ఇప్పటికే రుజువు చేసింది. "నాకు విల్‌పవర్ లేదు" అనే మాటని ఈ రోజుతో వదిలేయండి. ఇక మిగిలింది ఆ దీక్షలోని ఏర్పాట్లని చివరి తేదీ లేకుండా మీ బతుకులో కట్టుకోవడం.

మూడో మెట్టు: కోరిక వేరు, సుఖం వేరు

దీన్ని క్లుప్తంగా చెబుతాను గానీ నాకు చాలా ఊరటనిచ్చిన విషయం ఇది. కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ అనే మెదడు శాస్త్రవేత్తలు 1993లో ఒక సిద్ధాంతం చెప్పారు. మెదడులో "కావాలి" అనిపించే ఏర్పాటు, "బాగుంది" అనిపించే ఏర్పాటు ఒకటి కావు. వ్యసనం ముదిరేకొద్దీ "కావాలి" పెరుగుతూ పోతుంది, "బాగుంది" మాత్రం పెరగదు. చివరి రెండేళ్లు తాగుడు నాకు ఏ ఆనందమూ ఇవ్వలేదు, అయినా కాళ్లు అటే నడిచాయి. నాకు బుద్ధి లేదని, నీచుణ్నని అనుకునేవాణ్ని. లాగుతున్నది డోపమిన్ అనే రసాయనంతో నడిచే ఆ "కావాలి" అని తెలిశాక, లోపల ఆ గొంతు వినిపించినప్పుడు అది నేను కాదనుకోవడం సాధ్యమైంది.

నాలుగో మెట్టు: రెండు వైపులా రాసే ఖాతా

ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఎడమ పేజీలో తాగుడు మీ నుంచి ఏం తీసుకుందో రాయండి. అందరూ రాసేది ఇదే: డబ్బు, ఆరోగ్యం, భార్య కన్నీళ్లు, పిల్లాడి స్కూలు ఫీజు. అసలు పని కుడి పేజీలో ఉంది. అది మీకు ఏం ఇస్తోందో నిజాయితీగా రాయండి. ఏమీ ఇవ్వకపోతే ఎవరూ ఇన్నేళ్లు తాగరు. ఒంటి నొప్పులు తెలియవు. నలుగురితో మాట కలుస్తుంది. అప్పు గుర్తురాదు. నిద్ర పడుతుంది.

మన తీరంలోని పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు, అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిట్లో పుండ్లు, కేన్సర్ వస్తాయని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. మా అమ్మమ్మకీ చెప్పారు. మానలేదు. చేపల గంప దించాక ఆ చుట్ట కాలే పది నిమిషాలే రోజు మొత్తంలో ఆవిడ కూర్చునే సమయమని మాకెవరికీ తట్టలేదు. "మానెయ్" అన్నామే గానీ "కూర్చో అమ్మమ్మా, ఆ పని నేను చేస్తాను" అని ఒక్కరమూ అనలేదు.

అందుకే కుడి పేజీలోని ప్రతి అవసరానికీ వేరే దారి చూడాలి. నొప్పులకి డాక్టర్. అప్పుకి, ఎంత ఉందో కాగితం మీద రాసి ఇంట్లో చూపించడం. మాట కలవడానికి కొత్త చోటు. ఆ ఖాళీ పూడకుండా సీసా మాత్రమే తీసేస్తే, ఆ ఖాళీలోకి మళ్లీ సీసాయే వస్తుంది.

ఐదో మెట్టు: వాక్యం మార్చండి

"మానేస్తున్నాను", "తగ్గించాను", "డాక్టర్ వద్దన్నారు". ఈ మూడు మాటలూ అవతలి వాళ్లకి తలుపు తెరిచి పెడతాయి. "ఏ డాక్టర్? ఈ ఒక్కరోజుకి ఏమీ కాదు" అంటారు. "నేను తాగను" అనండి. కారణం చెప్పకండి. కారణం చెబితే దానిమీద చర్చ వస్తుంది. మొదటి వారం ఆ మాట అంటుంటే నాకే అబద్ధంలా అనిపించింది. అయినా అన్నాను. మెల్లగా అదే నిజమైంది. నిజానికి "స్వామీ" అని పిలిచిన మొదటి రోజు కూడా నేను స్వామిని కాదు కదా.

ఈ వాక్యాన్ని ముందుగా ముగ్గురికి చెప్పండి: ఇంట్లో ఒకరికి, పనిచోట ఒకరికి, ఎక్కువగా తాగించే స్నేహితుడికి. మూడోదే కష్టం. ఎదురుగా చెప్పలేకపోతే ఫోన్‌లో చెప్పండి.

ఆరో మెట్టు: దారీ వేళా మార్చండి

వియత్నాం యుద్ధంలో చాలామంది అమెరికన్ సైనికులు హెరాయిన్‌కి అలవాటు పడ్డారు. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు, వాళ్లు స్వదేశం వెళ్లాక ఏమయ్యారో చూశారు. అక్కడ బానిసలైన వాళ్లలో ఇంటికి వచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైంది సుమారు 5 శాతమే. ఊరు, మనుషులు, రోజు గడిచే తీరు అన్నీ మారిపోవడం అందులో పెద్ద కారణం. మనం ఊరు మారలేం. గాజువాకలో పని, గాజువాకలోనే ఇల్లు. కానీ ఊళ్లోనే చిన్న చిన్న మార్పులు చేసుకోవచ్చు.

వారం రోజులు గమనించి రాసుకోండి: ఎన్నింటికి, ఎక్కడ, ఎవరితో, ఎలా ఉన్నప్పుడు అనిపిస్తోంది? నా పుస్తకంలో పదే పదే వచ్చినవి జీతం రోజు, సెకండ్ షిఫ్ట్ దిగిన రాత్రి, మా బావతో గొడవైన రోజు, ఖాళీ కడుపు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి ప్రతిసారీ ఉంది.

తర్వాత ప్రతిదానికీ "ఇలా అయితే, అలా చేస్తాను" అని ముందే ఒక వాక్యం రాసుకోండి. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనిమీద చాలా ఏళ్లు పరిశోధన చేశారు. "జాగ్రత్తగా ఉంటాను" అనుకున్న వాళ్లకంటే ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తారో ముందే అనుకున్న వాళ్లు మాట నిలబెట్టుకోవడం ఎక్కువని తేలింది. నావి ఇలా ఉండేవి. "జీతం పడితే, ఐదు నిమిషాల్లో ఖర్చులకి తప్ప మిగతాది అమ్మ ఖాతాలో వేస్తాను." "షిఫ్ట్ దిగితే, గేటు దగ్గరే రెండు అరటిపళ్లు తిని బండి ఎక్కుతాను." "వైన్ షాపు ఉన్న రోడ్డు వస్తే, సందులోంచి తిప్పుతాను." ఆ సందు వల్ల ఇంటికి ఏడు నిమిషాలు ఆలస్యమయ్యేది. తొమ్మిదేళ్లుగా ఆ ఏడు నిమిషాలూ పెడుతూనే ఉన్నాను.

ఏడో మెట్టు: అలని దాటించడం

ఎన్ని జాగ్రత్తలు పడినా కోరిక వస్తుంది. వచ్చినప్పుడు మనకి అనిపించేది ఒక్కటే: తాగేదాకా ఇది పెరుగుతూనే ఉంటుందని. అది నిజం కాదు. పెరుగుతుంది, ఒక ఎత్తుకి వెళ్తుంది, విరిగి వెనక్కి పోతుంది. సాధారణంగా పావుగంట నుంచి అరగంట. అలన్ మార్లట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కోరికని అలతో పోల్చి, దానిమీద తేలడం నేర్పించేవారు. విశాఖలో పుట్టిన వాళ్లకి ఈ పోలిక ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మన జాలర్లు ఒడ్డు దాటేటప్పుడు అలతో కొట్లాడరు, దానికి వీపు చూపించరు. తెప్ప ముక్కుని అలకి ఎదురుగా పెట్టి, ఎక్కించి, దించుతారు.

చేయాల్సింది ఇది. కోరిక తగలగానే ఫోన్‌లో టైమ్ చూసి రాసుకోండి. కూర్చోండి లేదా నడవండి. ఒంట్లో అది ఎక్కడ ఉందో వెతకండి: గొంతులో ఎండినట్టా, దవడలు బిగిసినట్టా, కడుపులో తిప్పినట్టా, చేతివేళ్లలోనా. "వద్దు, వద్దు" అనకండి, అంటే దాని గురించే ఆలోచించినట్టు. ఊపిరి నెమ్మదిగా తీసి వదులుతూ ఆ చోటుని గమనిస్తూ ఉండండి. పెరుగుతోందా? పెరగనివ్వండి. తగ్గినప్పుడు మళ్లీ టైమ్ రాయండి.

నేను మొదటిసారి దీన్ని ఆర్కే బీచ్‌లో ఇసుక మీద కూర్చుని చేశాను. ఏడు పదికి మొదలైంది. ఒళ్లంతా చెమట. లేచి జగదాంబ వైపు పోదామని రెండుసార్లు అనిపించింది. ఏడూ ముప్పై రెండుకి, ఎదురుగా ఉన్న మొక్కజొన్న పొత్తుల బండి వాసన నాకు తెలిసింది. అప్పటిదాకా అది అక్కడే ఉన్నా నాకు తెలియలేదు. ఆ 22 నిమిషాల లెక్క నా పుస్తకంలో ఇప్పటికీ ఉంది. రెండో వారానికి 15, నెల తిరిగేసరికి ఐదారు నిమిషాలు. లెక్క రాయడం వదలకండి. తగ్గుతోందని కళ్లతో చూసినప్పుడు వచ్చే ధైర్యం ఎవరి మాటలతోనూ రాదు.

ఎనిమిదో మెట్టు: మనసు చెప్పే లాయర్ మాటలు

కొన్ని వాదనలు ప్రతి ఒక్కరికీ వస్తాయి. "బీరు మందు కాదు" అంటుంది. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో ఉన్న ఆల్కహాల్ దాదాపు రెండు లార్జ్ పెగ్గులతో సమానం. "మూడు నెలలు ఉన్నాను కదా, ఇక కంట్రోల్‌లో తాగగలను" అంటుంది. నా వరకు ఇదే అన్నిటికంటే ప్రమాదకరమైన మాట, ఎందుకంటే గెలిచినప్పుడు వస్తుంది. "చెల్లెలి పెళ్లి, ఈ ఒక్కరోజు" అంటుంది. పెళ్లిళ్లు ఏడాదంతా ఉంటాయి. మీకు తరచూ వచ్చే వాదన ఏదో రాసుకుని, దాని కిందే జవాబు రాసిపెట్టండి. ఆ సమయానికి కొత్తగా ఆలోచించే శక్తి ఉండదు, చదివే శక్తి ఉంటుంది.

తొమ్మిదో మెట్టు: జారితే

జారవచ్చు. నేను రెండుసార్లు జారాను. అప్పుడు మనసు ఏమంటుందో మార్లట్ బాగా పట్టుకున్నారు: "ఎలాగూ చెడింది, ఇక పూర్తిగా తాగేద్దాం." ఒక గ్లాసు వారం రోజుల తాగుడుగా మారేది ఈ మాటతోనే. మన పెద్దవాళ్లు దీనికి ఎప్పుడో మంచి మాట చెప్పారు: వ్రతం చెడ్డా ఫలం దక్కాలి. గ్లాసు అక్కడే పెట్టేసి బయటికి రండి. ముందే చెప్పిపెట్టుకున్న మనిషికి ఫోన్ చేయండి. మర్నాడు పుస్తకంలో ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఏం జరిగిందో గంట గంటకీ రాయండి. జారడం ఎప్పుడూ సీసా దగ్గర మొదలవదు. నా రెండోసారి జారుడు పొద్దున్న పదకొండింటికి, అన్నం తినకుండా ఒకడితో గొడవపడిన చోట మొదలైంది.

హెరాయిన్ లాంటి మత్తు ఆపిన వాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. కొన్నాళ్లు మానాక పాత మోతాదు మళ్లీ తీసుకుంటే ఒళ్లు తట్టుకోలేదు, ప్రాణం పోవచ్చు. అలాంటప్పుడు సిగ్గుపడి దాచకండి, వెంటనే చెప్పండి. గంజాయి, డ్రగ్స్ దగ్గర కేసు భయంతో చికిత్సకి రాని కుర్రాళ్లు ఉన్నారు. తక్కువ మోతాదుతో లేదా వాడకంతో పట్టుబడ్డ వ్యసనపరుడు స్వచ్ఛందంగా చికిత్సకి వస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపునిచ్చే సెక్షన్ 64ఏ మత్తుమందుల (ఎన్‌డీపీఎస్) చట్టంలోనే ఉంది. ఒక లాయర్‌ని అడిగి తెలుసుకోండి.

ఇంట్లో వాళ్లకి

వదినలకీ అమ్మలకీ చేతులు జోడించి చెబుతున్నాను. "తెలియకుండా మాన్పించే మందు" అంటూ సాంబారులో, టీలో కలపకండి. డైసల్ఫిరామ్ అనే మందు వేసుకున్న మనిషి తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ పరీక్షలు చేసి, ఆ మనిషికి చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే ఇవ్వాల్సిన మందు అది.

పిల్లల తలమీద ఒట్టు వేయించుకోకండి. ఒట్టు తప్పిన సిగ్గుతో ఇంకా తాగుతారు. తాగి వచ్చిన రాత్రి మాట్లాడకండి, పొద్దున్న కాఫీ ఇచ్చి మీరు చూసింది చూసినట్టు చెప్పండి. "ఆయనకి జ్వరం" అని ఆఫీసుకి మీరు ఫోన్ చేయకండి, ఆ ఫోన్ ఆయన్నే చేసుకోనివ్వండి. కొడుతుంటే మాత్రం ఓర్చుకోవద్దు, పిల్లలతో సహా ముందు సురక్షితమైన చోటికి వెళ్లండి. మనిషిని మార్చే బాధ్యత మీది కాదు.

నలభై రెండో రోజు

కొత్త అలవాటు 21 రోజుల్లో వచ్చేస్తుందని అంటుంటారు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 2010లో ప్రచురించిన పరిశోధనలో సగటున 66 రోజులు పట్టింది. ఒక్కొక్కరికి 18 నుంచి 254 దాకా. మీకు ఇంకా కష్టంగా ఉంటే అది మీ తప్పు కాదు, మీ రోజులు ఇంకా పూర్తి కాలేదు.

నలభై రెండో రోజుకి ముందే ఏర్పాటు ఉండాలి. పీఠం బదులు ఒక చోటు, గురుస్వామి బదులు ఒక మనిషి. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా నిలబడటంతో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు మన విశాఖలోనూ జరుగుతాయి. డబ్బు తీసుకోరు, ఇంటిపేరు అడగరు. అది నచ్చకపోతే పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచే గుంపు, వాలీబాల్ ఆడే కుర్రాళ్లు, గుడిలో భజన, చర్చిలో పాటలు, ఏదైనా సరే. మీరు రాకపోతే "ఏమైంది?" అని ఫోన్ చేసే మనిషి ఒకరు ఉండాలి, అంతే.

నాకు అలాంటి మనిషి మా పీఠంలోని ఆ స్వామే. గోడ మీద పాములు కనిపించిన ఆయనే. ఏటా ఆషాఢ పౌర్ణమి ముందు రోజు ఇద్దరం సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్తాం, 32 కిలోమీటర్లు. ఆయన మోకాళ్లు ఇప్పుడు సహకరించడం లేదు, అందుకే మధ్యలో చాలాచోట్ల ఆగుతాం. రోజూ సాయంత్రం ఆరింటికి మాత్రం తప్పకుండా ఫోన్ చేస్తారు. "స్వామీ, తిన్నావా?" అని అడుగుతారు.